పటేల్ షాటా, సంఘం షాటా?
2014లో తెలుగు టీవీలో ఏం మారింది, ఏం మారలేదు

(జహీరాబాద్‌లో విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మమ్ముల టీవీ గురించి మాట్లాడుమన్నరు. రోజూ చూసే టీవీ గురించి కొత్తగ చెప్పేదేమున్నదని మీలో కొందరు అనుకుంటుండొచ్చు. మనం టీవీని చూస్తున్నం, నిజమే. మరి టీవీ మనల్ని ఎట్ల చూస్తున్నది? ఇయ్యాల్టి ముచ్చట అదే.

ఈ ముచ్చట పెట్టేటందుకు జహీరాబాద్‌ను మించిన జాగ లేదు. ఇక్కడికి దగ్గర్లనే పస్తాపూర్ ఉన్నది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు అక్కడ కెమెరా పట్టుడు నేర్చుకున్నరు. వాళ్లలో చాలామంది దళిత మహిళలు, కూలికి పోయినోళ్లు, బడి మొహం చూడనోళ్లు. హై యాంగిల్, ఐ లెవల్ అనే ఇంగ్లిష్ మాటలు వాళ్లకు ఎందుకు? తమ బతుకు నుంచే పేర్లు తీసిన్రు. మీది నుంచి కిందికి చూస్తే అది పటేల్ షాట్. అరుగు మీద కూసున్న పటేలు కింద నిలబడ్డ కూలోళ్లను చూసే చూపు అది. కంటికి కన్ను సమానంగా పెట్టి చూస్తే అది సంఘం షాట్. సంఘంల అందరూ నేల మీద ఒక్కతీరుగ కూసుంటరు గదా!

ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివినోళ్లు కూడా ఇంత సూటిగ చెప్పలేదు. ఈ రెండు మాటలను దగ్గర పెట్టుకొని మనం 2014 సంవత్సరం దిక్కు ఒకసారి మళ్లి చూద్దాం. ఆ ఏడాది మన రాష్ట్రం వచ్చింది. అదే ఏడాది తెలుగు టీవీ కూడా అటూ ఇటూ అయింది. మనం మొదటిదాన్ని పండుగ చేసుకున్నం. రెండోదాన్ని సరిగ్గ గమనించలేదు.

మూసిపెట్టిన ఎనిమిదో అధ్యాయం

ముందుగాల కొంచెం వెనక్కి పోదాం. 1969 ఉద్యమం నాటికి హైదరాబాద్‌లో టీవీ లేదు. దూరదర్శన్ కేంద్రం 1977లో వచ్చింది. 1995లో జెమిని, ఈటీవీ వచ్చినయి. 2004లో టీవీ9తోని ఇరవైనాలుగు గంటల వార్తలు మొదలైనయి. తర్వాత ఎన్టీవీ, టీవీ5, సాక్షి, ఏబీఎన్, హెచ్ఎంటీవీ... 2009 చివరికి చానళ్ల సంత నిండింది. సరిగ్గ అప్పుడే ఉద్యమం భగ్గుమన్నది.

అప్పటి టీవీ బలమెంతో మీరు యాది చేసుకోండి. 2009 నవంబర్ 30న ఖమ్మం ఆసుపత్రిలో కేసీఆర్ పండ్లరసం తాగుతున్న దృశ్యాలను చానళ్లు చూపెట్టినయి. అంతే, ఉస్మానియాలో విద్యార్థులు మండిపడ్డరు. దీక్ష ఆగలేదని, సాగుతదని ఆయన ప్రకటించాల్సి వచ్చింది. డిసెంబర్ 9 రాత్రి చిదంబరం ప్రకటన విన్నది టీవీలోనే. డిసెంబర్ 23న ఆ మాట వెనక్కి పోయిందని తెలిసింది కూడా టీవీలోనే.

చానళ్లు మన ఉద్యమాన్ని చూపెట్టినయి, కాదనం. ఏ ఎత్తు నుంచి చూపెట్టినయి? దీనికి జవాబు మనం చెప్పుడు కాదు, శ్రీకృష్ణ కమిటీయే రాసింది. 2010 డిసెంబర్ 30న కేంద్రానికి ఇచ్చిన నివేదికల ఎనిమిదో అధ్యాయాన్ని సీల్డ్ కవర్‌లో పెట్టిన్రు. నిజామాబాద్ మాజీ ఎంపీ ఎం. నారాయణరెడ్డి హైకోర్టుకు పోయిండు. 2011 మార్చిలో జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి తీర్పుతోని ఆ గుట్టు బయటపడ్డది. అందులో మీడియాను ఎట్ల సంభాళించాల్నో సలహా ఉన్నది. సుమారు 13 చానళ్లు, 5 పెద్ద పత్రికలు ఉన్నయని, చానళ్లలో రాజ్ న్యూస్, హెచ్ఎంటీవీ తప్ప మిగిలినవన్నీ సమైక్యాంధ్ర దిక్కు ఉన్నయని, వాటి వాటాదారులు సీమాంధ్రోళ్లని లెక్క తీసిన్రు. ప్రభుత్వ ప్రకటనల చిట్టా చేతిల ఉంటే దారికి తెచ్చుకోవచ్చని కూడా అందులో ఉన్నది.

మనం సభల్లో, పాటల్లో చెప్పిన మాటనే ప్రభుత్వం రహస్యంగ ఒప్పుకున్నది. అందుకే 2011లో టీ న్యూస్, 2012లో వీ6 వచ్చినప్పుడు మన కడుపు నిండింది. సినిమాలల్ల రౌడీకి, పనిమనిషికి, నవ్వులాటకు మాత్రమే అంటగట్టిన మన మాట వార్తలు చదివింది. "గిట్ల గూడ వార్తలు చదువుతరా" అని ముసలోళ్లు ఆశ్చర్యపోయిన్రు. అది చిన్న గెలుపు కాదు.

2014: నెల నెలా ఏం జరిగింది

ఇగ 2014కు వద్దాం. ఏడాది మొదట్లనే ఈటీవీ తెలుగు, ఈటీవీ2ల 24.5 శాతం వాటా ముంబైకి చెందిన టీవీ18 చేతికి పోయింది. ఈటీవీకి వేరే భాషల్లో ఉన్న వార్తా చానళ్లు మొత్తానికే పోయినయి. మే 29న టీవీ18కు తల్లి కంపెనీ అయిన నెట్‌వర్క్18ను తన అధీనంలకు తీసుకుంటున్నట్టు రిలయన్స్ ప్రకటించింది. అప్పటికి మనం తెలంగాణ అవతరణకు ఇంకా నాలుగు దినాల దూరంల ఉన్నం. ఊరూరా జెండాలు కడుతున్నం. ఆ వార్తను ఎవరు పట్టించుకుంటరు?

జూన్ 2న రాష్ట్రం వచ్చింది. సెప్టెంబర్ 27న విజయవాడ దూరదర్శన్ నుంచి ఆంధ్రప్రదేశ్ కోసం సప్తగిరి మొదలైంది. మన హైదరాబాద్ కేంద్రం చానల్ యాదగిరి అయింది. ఏడాది తిరిగీ తిరగకముందే, 2015 ఫిబ్రవరిలో, మా టీవీ చానళ్లను స్టార్ ఇండియా కొంటున్నదన్న వార్త వచ్చింది. ఆ స్టార్ తర్వాత డిస్నీది అయింది. 2024లో రిలయన్స్‌తోని కలిసిపోయింది.

మిత్రులారా, దీని అర్థం తెలుస్తున్నదా? ఇన్నేండ్లు మనం గుంటూరు, కృష్ణా పెట్టుబడి మీద కొట్లాడినం. ఆ కొట్లాట న్యాయమైందే. మనం ఆ గోడను నెట్టుతుండంగనే గోడ యజమాని మారిండు. కొత్త యజమానికి గుంటూరూ ఒకటే, జహీరాబాదూ ఒకటే. రెండూ ప్రకటనలు అమ్ముకునే మార్కెట్లే. పటేలు మారిండు, పటేల్ షాట్ మారలేదు.

ఇంకో లెక్క కూడా వినండి. చానల్ బతికేది ప్రకటనల మీద. ప్రకటన వచ్చేది రేటింగు మీద. రేటింగు వచ్చేది కొన్ని ఇండ్లల్ల పెట్టిన మీటర్ల మీద. 2014 దాకా ప్రకటనలోళ్లు నమ్మిన టామ్ మీటర్లు పట్నాలల్లనే ఉండె. 2015లో బార్క్ వచ్చినంకనే, ఆ ఏడాది అక్టోబర్‌ల, పల్లెల లెక్క అందులో చేరింది. అంటే, ఉద్యమం నడిచిన ఏండ్లన్నీ న్యాల్‌కల్ రైతు టీవీ ముందర కూసున్నా ఆ చూపుకు విలువ కట్టినోడు లేడు. లెక్కల లేనోని కష్టం వార్తల ఎట్లుంటది?

తీగ తెగిన దినం మనం ఏం చేసినం?

ఇప్పుడు చేదు మాట చెప్పాలె. మీకు కోపం వచ్చినా సరే.

2014 జూన్ నెల నడుమ టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి చానళ్లు తెలంగాణ కేబుల్‌లో మాయమైనయి. కొత్తగ గెలిచిన మన ఎమ్మెల్యేలను టీవీ9 ఒక వ్యంగ్య కార్యక్రమంల కించపరిచింది. అది తప్పే. మన మాటను, మన మనుషులను ఎక్కిరించే పాత రోగమే అది. శాసనసభ మండిపడ్డది. చానల్ క్షమాపణ చెప్పింది. అయినా తీగ తెగింది.

ఎట్ల తెగిందో తెలుసుకోవాలె. చానల్ సంకేతం ఉపగ్రహం నుంచి ఎమ్మెస్వో దగ్గరికి వస్తది. అక్కడి నుంచి గల్లీ కేబుల్ ఆపరేటర్‌కు, ఆయన దగ్గరి నుంచి మనింటికి. ఎమ్మెస్వో తన గదిల ఒక్కదాన్ని ఆపితే లక్షల ఇండ్లల్ల తెర నల్లగయితది. ఇది మా సొంత నిర్ణయమని ఎమ్మెస్వోలు అన్నరు. మాకు సంబంధం లేదని ప్రభుత్వం అన్నది. డిష్ ఉన్న ఇంట్ల చానల్ కనపడ్డది, కేబుల్ ఉన్న ఇంట్ల కనపడలేదు. నెలల తరబడి అట్లనే నడిచింది. ప్రెస్ కౌన్సిల్ దాకా పోయింది, ట్రిబ్యునల్ దాకా, కోర్టు దాకా పోయింది. మహిళా జర్నలిస్టులు రోడ్డు మీద నిరసన తెలిపితే వాళ్లను పట్టుకపోయిన్రు.

అప్పుడు మనలో చాలామందిమి చప్పట్లు కొట్టినం. "మంచిగ బుద్ధి వచ్చింది" అన్నం. మేమూ అన్నం. దాచుకునేదేమున్నది?

ఇయ్యాల తిరిగి చూస్తే సిగ్గయితది. ఎనిమిదో అధ్యాయం మీద మనం ఎందుకు మండిపడ్డం? ప్రభుత్వం తెర వెనుక నుంచి మీడియాను సంభాళిస్తున్నదని గదా! మన రాష్ట్రంల తెర వెనుక నుంచి తీగ తెగితే అది ఎట్ల ఒప్పయింది? చట్టం ఉన్నది, పరువునష్టం దావా ఉన్నది, సభాహక్కులున్నయి, జనం చీదరించుకొని చానల్ మార్చే రిమోట్ ఉన్నది. ఇవన్నీ బహిరంగ దారులు. తీగ తెంపుడు దొంగ దారి. ఆ దారి ఒకసారి తెరిస్తే రేపు ఏ ప్రభుత్వం వచ్చినా, ఏ పార్టీ వచ్చినా అదే దారిల నడుస్తది. అప్పుడు నల్లగయ్యే తెర మనదే కావొచ్చు.

మాచునూరు చెప్పిన పాఠం

మరి దారి ఏది? దూరం పోవద్దు, ఝరాసంగం మండలంలకు పోదాం.

పస్తాపూర్ సంస్థను 1980లలో నిలబెట్టినోళ్లలో ఒకరు పి.వి. సతీష్. మైసూరు బిడ్డ. అంతకుముందు దూరదర్శన్‌లో కార్యక్రమాలు తీసిండు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల 2,400 ఊర్లకు టీవీ చూపెట్టిన 'సైట్' ప్రయోగంల పనిచేసిండు. అప్పట్ల అది పెద్ద సంబురం. ఊరంతా ఒక్క పెట్టె ముందర కూసుండేది. కానీ చెప్పేది ఢిల్లీ, అహ్మదాబాద్, హైదరాబాద్. వినేది ఊరు. సతీష్ జహీరాబాద్‌కు వచ్చినంక ఇది తలకిందులైంది. కెమెరానే ఊరికి ఇచ్చిన్రు. 2023 మార్చి 19న ఆయన పోయిండు, కెమెరా మాత్రం ఊర్లనే ఉన్నది.

2001లో మహిళలు కమ్యూనిటీ మీడియా ట్రస్టు పెట్టుకున్నరు. దేశంల బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చినంక వాళ్లు కెమెరా భుజాన వేసుకొని వరంగల్ పోయిన్రు. సీజన్ వెంట సీజన్, మూడేండ్లు అవే చేన్లకు, అవే రైతుల దగ్గరికి పోయిన్రు. పెద్ద చానళ్లు విత్తన కంపెనీల ప్రకటనలు వేసుకుంటుంటే ఈ అక్కలు రైతు నష్టాన్ని రైతు నోటితోనే చెప్పించిన్రు. సంఘం షాట్ అంటే ఇదే.

2008 అక్టోబర్ 15న మాచునూరులో సంఘం రేడియో మొదలైంది. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ మైకు పట్టిన్రు. తెలుగు, ఉర్దూ, కన్నడం కలగలిసిన మన జహీరాబాద్ మాట గాలిల వినపడ్డది. రిబ్బన్ కట్ చేసింది ఎవరో తెలుసా? జస్టిస్ పి.బి. సావంత్. 1995 ఫిబ్రవరిలో, గాలి తరంగాలు ప్రజల ఆస్తి, ప్రభుత్వ సొత్తు కాదు అని తీర్పు చెప్పిన సుప్రీంకోర్టు ధర్మాసనంల న్యాయమూర్తి ఆయనే. ఆ తీర్పును అడ్డం పెట్టుకొని చానళ్లోళ్లు కోట్లు గడించిన్రు. దాని అసలు అర్థం మాచునూరులో కనపడ్డది.

కానీ అక్కడ కూడా సంకెళ్లున్నయి. కమ్యూనిటీ రేడియోకు సొంతంగ వార్తలు చెప్పే హక్కు లేదు. 2006లో సంస్థలకు కమ్యూనిటీ రేడియో తలుపు తెరిచిన కేంద్రం కమ్యూనిటీ టీవీకి అసొంటి తలుపు తెరవలేదు. కంపెనీకి చానల్ ఇస్తరు, పార్టీ మనుషులకు ఇస్తరు, ఊరికి మాత్రం ఇయ్యరు!

మనం అడగాల్సింది

రాష్ట్రం వచ్చి పదేండ్లు దాటింది. ఇయ్యాల ప్రతి విద్యార్థి జేబుల ఒక కెమెరా ఉన్నది. యూట్యూబ్‌ల మన మాట మస్తు నడుస్తున్నది. సంతోషం. కానీ మన మాట నవ్వించేటందుకే పనికొస్తదా? బడ్జెట్ మీద, భూసేకరణ మీద, చెరుకు బకాయిల మీద మాట్లాడేటప్పుడు మళ్ల పుస్తకాల భాషకు ఎందుకు పోతున్నం? చాయ్ కాడ మాట్లాడినట్టే అసెంబ్లీ లెక్కలు కూడా మాట్లాడుదాం.

అందుకే నాలుగు మాటలు. ఒకటి, గాలి తరంగాల మీద ఊరికి హక్కుండాలె, కమ్యూనిటీ టీవీకి విధానం రావాలె, కమ్యూనిటీ రేడియోకు వార్తల హక్కు ఇయ్యాలె. రెండు, యాదగిరిలో ప్రతి జిల్లాకు తన సమయం ఉండాలె, ఆ సమయంల జిల్లా మనుషులే కెమెరా పట్టాలె. మూడు, ఏ చానల్‌లో ఎవరి పెట్టుబడి ఎంతున్నదో జనానికి తెలిసేటట్టు తెర మీదనే చెప్పాలె. నాలుగోది మనకు మనం చెప్పుకునేది. మనకు నచ్చని చానల్ అయినా సరే, తీగ తెగిన దినం ఇంకోసారి చప్పట్లు కొట్టొద్దు.

తమ్ముళ్లారా, చెల్లెండ్లారా! మీరు ఫోన్ పైకెత్తినప్పుడల్లా ఒక్క ఘడియ ఆగి చూసుకోండి. ముందర నిలబడ్డ మనిషిని మీది నుంచి చూస్తున్నరా, పక్కన నిలబడి చూస్తున్నరా? పస్తాపూర్ అక్కలు మనకు ఇచ్చిన కొలత అది. మన రాష్ట్రాన్ని కూడా ఆ కొలతతోనే కొలుద్దాం.

జై తెలంగాణ!