బడి బయట చదువు – చేతిపనికి పట్టా
(పాల ఉత్పత్తిదారుల సంఘాల సమావేశంలో ఒక సహకార ఇన్స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



మేము తనిఖీకి వెళ్ళిన సంఘాలలో తరచుగా చూసే సంగతి ఒకటుంది. తెల్లవారకముందే వచ్చి పాలు కొలిచి, వెన్న శాతం తీసి, రిజిస్టరు వ్రాసే మనిషికి ఆ పని కొట్టిన పిండి. అయినా శీతలీకరణ కేంద్రంలో టెస్టరు ఉద్యోగం ఖాళీ అయితే దరఖాస్తు పెట్టుకోలేడు. పదవ తరగతి పట్టా లేదు. చేతిలో విద్య ఉన్నది, కాగితం లేదు. ఈ లోటు తీర్చుకొనే దారులు మూడున్నాయి.

మొదటిది సార్వత్రిక పాఠశాల. జాతీయ సంస్థ 1989లోను, ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం 1991లోను ఏర్పడ్డాయి. తెలంగాణకు వేరుగా విద్యాపీఠం ఉన్నది. 14 ఏళ్ళు నిండితే పదవ తరగతికి చేరవచ్చు; పెద్ద వయస్సు అడ్డు కాదు. రోజూ బడికి పోనక్కరలేదు. జాతీయ సంస్థలో చేరినవారికి 5 సంవత్సరాలలో 9 పర్యాయాలు పరీక్ష వ్రాసే వీలున్నది. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి వ్రాయాలన్న నిర్బంధం లేదు. వృత్తివిద్యా కోర్సులు కూడా ఉన్నాయి.

రెండవది దూరవిద్య. ఇంటర్మీడియట్ పూర్తి చేసినవారి కోసం ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం పాడి సాంకేతిక విద్యలో డిప్లొమా రూపొందించింది. దానికి కనీసం ఒక సంవత్సరం పడుతుంది. పాఠం ఇంట్లో చదువుకోవచ్చు గాని, ప్రాక్టికల్సుకు కేంద్రానికి వెళ్ళక తప్పదు.

మూడవది, ముందే నేర్చిన పనికి గుర్తింపు. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఈ ఏర్పాటు చేశారు. కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, పని చేయించి చూసి, సర్టిఫికెట్టు ఇస్తారు. అయితే ఇది పదవ తరగతి పట్టాకు బదులు కాదని గ్రహించాలి.

“పని వచ్చు గదా, పుస్తకమెందుకు?” అని కొందరు మమ్మల్ని అడుగుతుంటారు. గెర్బర్ పరీక్షే తీసుకోండి. 10 మిల్లీలీటర్ల ఆసిడ్, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు ఎమైల్ ఆల్కహాలు – ఈ లెక్క అందరికీ నోటికి వచ్చు. ఆసిడ్ బలం ఎక్కువైతే వెన్న మాడి నల్లబడుతుందనీ, తక్కువైతే పాలలోని మాంసకృత్తులు సరిగా కరగవనీ, గొట్టాన్ని 65 డిగ్రీల నీటిలో ఉంచి అంకె చూడాలనీ కారణాలతో సహా తెలిసినవారు తక్కువ. ఈనాడు చాలా సంఘాలలో యంత్రమే అంకె చూపుతున్నది. ఆ యంత్రం దారి తప్పితే పట్టుకొనేది ఈ పరీక్షే. వెన్న శాతం కొద్దిగా తక్కువ పడినా నష్టపోయేది గేదెను మేపిన తల్లి. కాబట్టి ఈ చదువు టెస్టరు ఒక్కడి బాగు కోసమే కాదు.

ఒంటరిగా చదివేవారికి మా సలహాలు ఇవి. ఉదయం సేకరణకూ సాయంత్రం సేకరణకూ మధ్య గంటసేపు చదువుకు కేటాయించండి. పాత ప్రశ్నపత్రాలు వ్రాసి చూసుకోండి. ఒక్కసారికి రెండు మూడు సబ్జెక్టులే పెట్టుకోండి. ఫీజు నేరుగా సంస్థకే కట్టి రశీదు తీసుకోండి. “చదవనక్కరలేదు, పట్టా మేము తెప్పిస్తాము” అనే మధ్యవర్తికి పైసా ఇవ్వవద్దు. దొంగ పట్టా తేలిననాడు డబ్బూ పోతుంది, ఉద్యోగమూ పోతుంది, పరువూ పోతుంది.

ఇక పాలకవర్గాలకు ఒక మాట. 1995లో మాంచెస్టరులో అంతర్జాతీయ సహకార కూటమి ఆమోదించిన 7 సూత్రాలలో అయిదవది విద్య, శిక్షణ. మీ టెస్టరు ప్రాక్టికల్సుకు వెళ్ళే రోజులలో బదులు మనిషిని పెట్టండి. సంఘం గదిలో ఒక దీపం, ఒక బల్ల చదువుకొనేవారికి వదలండి. బడి మానిన ఆడపిల్లలు, కోడళ్ళు సభ్యుల ఇళ్ళలో ఎందరున్నారో రాబోయే సర్వసభ్య సమావేశంలోగా పేర్లు వ్రాయండి. దరఖాస్తులు నింపడంలో సాయపడటానికి మేము సిద్ధంగా ఉన్నాము.