పెరట్లో తయారైన కారు



ఈవేళ నేను మాట్లాడబోయేది ఊరగాయల గురించీ కాదు, ఊలు అల్లికల గురించీ కాదు. మోటారుకారు గురించి. మీలో కొందరి చెయ్యి అప్పుడే రేడియో మీట మీదికి వెళ్ళి ఉంటుంది. ఒక్క పావుగంట ఓపిక పట్టండి. కారు నడపడం నాకు ఈనాటికీ రాదు. కానీ మా పుట్టింటి పెరట్లో ఓ కారు తయారవుతుండగా ఒక వేసవి అంతా దగ్గరుండి చూశాను. దాని మొరాయింపులన్నీ నా చాకలి పద్దుల పుస్తకంలో రాసిపెట్టాను కూడాను.

పాత కారును ఇంటి దగ్గరే విప్పుకుని, దానికి పెద్ద ఇంజను పెట్టుకునే సరదా అమెరికాలో 1930ల నుంచీ ఉంది. చవగ్గా దొరికిన పాత ఫోర్డు కార్లు కొని, బరువు తగ్గాలని మడ్‌గార్డులూ బానెట్లూ ఊడదీసి, కాలిఫోర్నియాలో ఎండిపోయిన సరస్సుల అడుగున కుర్రాళ్ళు పందాలు వేసుకునేవారు. అలాంటి కార్లకు హాట్ రాడ్లని పేరు. 1948లో ఆ పేరుతోనే ఓ మాసపత్రిక కూడా మొదలైంది. అంతా మగవాళ్ళ గోలే అనుకునేరు! వేడా ఆర్ అనే ఆవిడ ఆ సరస్సుల మీద మగవాళ్ళతో సమానంగా కారు నడిపింది. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యంలోకి వెళ్ళిన కుర్రాళ్ళకు ఈ కబుర్లన్నీ చిన్న పత్రికగా అచ్చువేసి పంపుతూ ఉండేది.

ఇవేమీ మా తమ్ముడికి తెలియవు. వాడు పుట్టి పెరిగింది అమలాపురం దగ్గర ఉప్పలగుప్తంలో. చుట్టూ కొబ్బరితోటలు, కాలవలు, అవి దాటితే సముద్రం. అక్కడ ఇంజనంటే పొలాల్లో నీళ్ళు తోడేది, గోదావరి మీద పంటును లాగేది. 1991 వేసవి సెలవులకు పిల్లల్ని తీసుకుని నేను వెళ్ళేసరికి పెరట్లో మామిడికొమ్మకి చైను బ్లాకు కట్టి ఉంది. దాని కింద నోరు తెరుచుకుని ఓ పాత అంబాసిడర్ ఉంది. దాని 1489 సి.సి. ఇంజను పక్కన గోనెపట్టా మీద పడుంది. కొమ్మకి వేలాడుతున్నదేమో వేలంలో కొన్న మహీంద్రా జీపు ఇంజను, సుమారు 2200 సి.సి.

"సగానికి సగం పెద్దదక్కా! ఎగిరిపోతుంది చూడు," అన్నాడు తమ్ముడు.

ఆ జీపు ఇంజను పొడుగుపాటిది. దాన్ని ఇముడ్చుకోవడానికే జీపు తయారుచేసినవాళ్ళు బానెట్ ఎత్తు పెంచారుట. అంబాసిడర్ బానెట్ దాని మీద మూతపడలేదు. సరే, బానెట్టే లేకుండా పోయింది! అమెరికా కుర్రాళ్ళు సరదాకి తీసేసినది మావాడికి గత్యంతరం లేక తీసెయ్యాల్సి వచ్చింది. ఆ ఇంజను కొన్న డబ్బు ఎక్కడిదో రెండోరోజు రాత్రి మా మరదలు చెబితే తెలిసింది. ఆమె గొలుసు బ్యాంకులో తాకట్టులో ఉంది.

మొదటిసారి సెల్ఫ్ కొట్టిన రోజు మా పిల్లలు పీటలు వేసుకుని మరీ కూర్చున్నారు. ఇంజను "టక్" మంది, అంతే. మళ్ళీ కొట్టాడు. డాష్‌బోర్డు కింద నుంచి పొగ! చోకు తీగ ఎర్రగా కాలి, పైనున్న తొడుగు కరిగి కారుతోంది. మేస్త్రీ చోకుదే తప్పన్నాడు, కొత్త తీగ తెప్పించారు. అదీ కాలింది.

అసలు సంగతి ఇది. బ్యాటరీ నుంచి కరెంటు సెల్ఫ్‌కి పోవడానికి లావుపాటి తీగ ఉంటుంది. తిరిగి రావడానికి ఇంజనూ, ఛాసిస్సూ, మొత్తం కారు ఇనుమే దారి. దాన్నే ఎర్త్ అంటారు. అయితే ఇంజను కూర్చునేది రబ్బరు దిమ్మెల మీద. రబ్బరులోంచి కరెంటు పోదు కదా? అందుకని ఇంజనుకీ ఛాసిస్‌కీ మధ్య అచ్చం మన జడలా అల్లిన రాగి పట్టీ ఒకటి బిగిస్తారు. పాత ఇంజను దింపినప్పుడు ఊడదీసిన ఆ పట్టీని మళ్ళీ పెట్టడం మరిచిపోయారు. రాజమార్గం మూసేస్తే కరెంటు దొడ్డిదారి పట్టింది. సన్నటి చోకు తీగ అంత కరెంటును ఎలా తట్టుకుంటుంది? కాలకేం చేస్తుంది!

పట్టీ బిగించాక ఇంజను కదిలింది. వారం తిరక్కుండా హారను నొక్కినప్పుడల్లా దీపాలు గుడ్డివైపోవడం మొదలైంది. మా ఊరి ఉప్పుగాలికి ఇనుమన్నది నిలవదు. పట్టీ బిగించిన చోట రంగూ తుప్పూ గీకి, ఇనుము మెరిసేదాకా రుద్ది బిగిస్తే కుదురుకుంది. బ్యాటరీ కొసలకు తెల్లగా, పచ్చగా పొడి పట్టిందా, దానికి మందు మన వంటింట్లోనే ఉంది. తీగలు విప్పేసి, వంటసోడా కలిపిన వేడినీళ్ళతో కడగడమే. ఆ నీళ్ళు బ్యాటరీ బిరడాల్లోంచి లోపలికి మాత్రం పోకూడదు. తుడిచి, ఆరాక తీగలు బిగించి, పైన కాస్త వాజలైను రాస్తే సరి.

ఇక అసలు తలనొప్పి. పొద్దున్న చిలకలా పలికే ఇంజను మధ్యాహ్నమయ్యేసరికి దారిలో చచ్చిపోయేది. మేస్త్రీ ప్లగ్గులు మార్చాడు, పాయింట్లు మార్చాడు, కండెన్సరు మార్చాడు, కార్బొరేటరు విప్పి కడిగాడు. అన్నీ ఒక్కరోజే! పులుసు రుచి తప్పిందని ఉప్పూ బెల్లమూ చింతపండూ ఒక్కసారే కుమ్మరిస్తే తేడా ఎక్కడుందో ఎలా తెలుస్తుంది చెప్పండి? ఆ రోజు నుంచే నేను పద్దు పుస్తకం వెనక పేజీల్లో రాయడం మొదలుపెట్టాను. ఎన్నింటికి బయల్దేరింది, ఎక్కడ ఆగింది, ఎంతసేపటికి మళ్ళీ కదిలింది అని.

అయిదుసార్లు రాశాక చూస్తే అయిదూ ఎండ ముదిరాకే. నడుస్తూ నడుస్తూ ఆగినవి కావు. కొట్టు దగ్గరో, పోస్టాఫీసు దగ్గరో పది నిమిషాలు ఆపి, మళ్ళీ కదిలించబోయినప్పుడే మొండికేసింది. గంటసేపు వదిలేస్తే ఏ మరమ్మతూ లేకుండా అదే లేచింది. ప్లగ్గు పోతే గంట విశ్రాంతితో బాగుపడుతుందా?

పుస్తకం చూపించాను. మేస్త్రీ బుర్ర గోక్కుని, "ఆయ్, పెట్రోలు మరుగుతోందండీ అమ్మగారూ," అన్నాడు. నిజమే. కారు పరుగెత్తుతుంటే గొట్టంలో చల్లని పెట్రోలు పారుతూనే ఉంటుంది, గాలీ తగులుతుంది. ఆపగానే ఇంజను వేడంతా గొట్టానికీ పంపుకీ ఎక్కుతుంది. పెట్రోలు ఆవిరైపోతుంది. ఆ పంపు ద్రవాన్ని తోయగలదు గాని ఆవిరిని తోయలేదు. దాన్ని మేస్త్రీలు ఏసీ పంపంటారు, చల్లగాలికీ దానికీ ఏ సంబంధమూ లేదు. పాత అంబాసిడర్ డ్రైవర్లు దానిమీద తడిగుడ్డ వేసేవారు, మీలో పెద్దవాళ్ళు చూసే ఉంటారు. మేమూ అదే చేశాం. అయిదు నిమిషాల్లో కదిలింది. అంతకుముందు మేస్త్రీ కార్బొరేటరు నోట్లో పెట్రోలు వంపి సెల్ఫ్ కొట్టించేవాడు. దాన్ని మాత్రం మీ కళ్ళెదుట ఎవరినీ చెయ్యనివ్వకండి, మంట పైకి ఎగదన్నుతుంది.

తడిగుడ్డ ఆ పూటకే. చూస్తే కొత్త ఇంజనుకి సరిపోయేలా వంచిన పెట్రోలు గొట్టం పొగగొట్టాన్ని దాదాపు రాసుకుంటూ పోతోంది. దాన్ని జానెడు దూరం జరిపి, మధ్య రేకు అడ్డుపెట్టాక మళ్ళీ ఆ ఫిర్యాదు రాలేదు.

ఇలాంటి సమయంలో నాకెప్పుడూ బెర్తా బెంజ్ గుర్తొస్తుంది. 1888లో జర్మనీలో భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, ఆయన చేసిన మూడుచక్రాల మోటారు బండిలో నూరు కిలోమీటర్ల దూరంలో ఉన్న పుట్టింటికి వెళ్ళిన మహాతల్లి ఆవిడ. పెట్రోలు గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి బాగుచేసింది. అందరూ ఆ పిన్ను గురించే చెబుతారు. నాకు నచ్చింది ఇంకొకటి. పల్లాల్లో బ్రేకు దిమ్మెలు అరిగిపోతున్నాయని గమనించి, దారిలో చెప్పులు కుట్టేవాడి చేత వాటికి తోలు వేయించుకుంది. బండి నడిస్తే చాలని ఊరుకోలేదు.

మేం ఊరుకున్నాం. ఇంజను మంచిదైన సంబరంలో బ్రేకుల మాట ఎవరికీ తట్టలేదు. ఓ సాయంత్రం మా అమ్మనీ, పిల్లల్నీ, నన్నూ ఎక్కించుకుని తమ్ముడు కాలవగట్టు మీద పోనిచ్చాడు. ఆ చప్పుడు నాకూ నచ్చింది, అబద్ధమెందుకు? ఎదురుగా సైకిలు మీద ఓ కుర్రాడొచ్చాడు. తమ్ముడు బ్రేకు తొక్కాడు. కారు ఆగలేదు, ఓ పక్కకి లాగింది. ఆగేసరికి ముందు చక్రం ఒకటి గట్టు అంచు దాటి గాలిలో ఉంది. కింద నిండుకాలవ. మా అమ్మ ఒక్క మాట కూడా అనలేదు. పిల్లల్ని ఒక్కొక్కరినే వెనకతలుపులోంచి దింపి, ఇంటిదాకా నడిపించుకుపోయింది.

బ్రేకు చేసే పనల్లా పరుగును వేడిగా మార్చడమే. ఆ వేడి డ్రమ్ములు మింగాలి. వేగం రెండింతలైతే మింగవలసిన వేడి రెండింతలు కాదు, నాలుగింతలు! ఇంజనేమో జీపుది, బరువూ ఎక్కువే. డ్రమ్ములు మాత్రం చిన్న ఇంజనుకని చేసినవి. మర్నాడు తమ్ముడూ మేస్త్రీ కారులో కొబ్బరికాయల బస్తాలు వేసుకుని, ఖాళీ రోడ్డు మీద నలభై కిలోమీటర్ల వేగంతో వెళ్ళి, ఇటుక పెట్టిన చోట బ్రేకు తొక్కి అడుగులతో కొలిచారు. వెంటవెంటనే అయిదుసార్లు. ప్రతిసారీ మరికాస్త ముందుకు పోయి ఆగింది. అయిదోసారికి బ్రేకు పెడలు మెత్తబడి కాలి కిందికి దిగిపోయింది.

అయినా వాడు "కొత్త లైనింగులు వేస్తే చాలక్కా" అంటాడే! అప్పుడు మాట్లాడింది నేను కాదు, ఎప్పుడూ నోరెత్తని మా మరదలు. "గొలుసు పోతే పోయిందండి. పిల్లలున్న ఇల్లు. ఈ కారు గేటు దాటకూడదు," అని తాళంచెవి తీసి కొంగున ముడివేసుకుంది. తమ్ముడు రెండురోజులు అన్నం దగ్గర ముభావంగా కూర్చున్నాడు. మూడోరోజు కాకినాడ వెళ్ళి రవాణాశాఖ ఆఫీసులో అడిగి వచ్చాడు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఉన్నదానికి తేడా వచ్చేలా బండిని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. ఇంజను మార్చాలంటే ముందుగా అనుమతి కావాలి. కంపెనీ చేసిన నిర్మాణాన్ని మార్చడానికి వీల్లేదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కాగితాల్లో ఒక ఇంజనూ కారులో ఒక ఇంజనూ ఉంటే, ప్రమాదం జరిగినప్పుడు బీమా సొమ్ము దగ్గర కూడా చిక్కే.

మళ్ళీ మామిడికొమ్మకి చైను బ్లాకు కట్టారు. జీపు ఇంజను దిగింది, అంబాసిడర్‌ది దాని చోటికి అది వచ్చింది. ఈసారి రాగి పట్టీ మరిచిపోలేదు. బ్రేకు సిలిండర్లూ లైనింగులూ నాలుగు చక్రాలకీ కొత్తవి వేశారు. జీపు ఇంజను కొన్న ధరకి పోలేదు. కొంత నష్టానికి అమ్మి, రెండు దింపుల కొబ్బరి డబ్బు కలిపాక గాని గొలుసు ఇంటికి రాలేదు.

వాడు నేర్చుకున్న విద్య మాత్రం వృథా కాలేదు. తరవాత మా వైపు రొయ్యల చెరువులొచ్చినప్పుడు, అక్కడి డీజిలింజన్లు మొరాయిస్తే వాడికే కబురొచ్చేది. వెళ్ళేటప్పుడు జేబులో ఓ చిన్న పుస్తకం పెట్టుకునేవాడు.

మీ ఇంట్లోనూ అబ్బాయి ఏ మోటారుసైకిలుకో పెద్ద సైలెన్సరూ, పెద్ద ఇంజనూ అంటూ తిరుగుతుంటే ఆ చేతుల్ని కట్టెయ్యకండి. విప్పనివ్వండి, బిగించనివ్వండి. కాకపోతే బండి వీధిలోకి రాకముందు బస్తాలు వేయించి, ఇటుక పెట్టించి, మీరే ఎదురుగా నిలబడి అయిదుసార్లు ఆపించి చూడండి. ఇటుకకి ఎదురుగా కాదు సుమండీ, పక్కన!