పాలవెల్లి మన యింటనే కట్టుకొందము

(వినాయక చవితికి ముందు మదురలో జరిగిన కుటుంబ సమావేశమున ఒక వర్తక సభ్యులు చేసిన ప్రసంగ పాఠము)



 ఉపన్యసించుటకు తగిన పాండిత్యము మాకు లేదు. మెట్రిక్యులేషను ముగించిన వెంటనే తండ్రిగారి అంగడిలో కూర్చుంటిమి. నాటినుండి నేటివరకు చిట్టా, ఆవర్జాలే మా గ్రంథములు. అయినను పండుగను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని సంఘమువారు కోరుటచే మీ ముందు నిలిచితిమి. మేము విన్నవించునది ఒక్కటే. ఈ చవితికి పాలవెల్లిని, మట్టి వినాయకుని బజారునుండి తేక, పిల్లలను చుట్టును కూర్చుండబెట్టుకొని ఇంటనే చేసికొందము.

ఈ మాట మా నోట వినుట మీకు వింతగా నుండవచ్చును. మా అంగడిలో ప్లాస్టిక్ మామిడాకుల తోరణములు వ్రేలాడుచున్నవి. కాగితపు గొడుగులు, మెరుపుదండలు, అచ్చుపోసిన పండ్ల గుత్తులు పండుగ పది దినములలో చేతికి తీరిక లేకుండ అమ్ముడుపోవుచున్నవి. ఇకముందును అమ్ముదుము, అది మా జీవనము. కాని మా యింట జరిగిన యొక సంగతి మా కన్ను తెరిపించినది. దానిని దాపరికము లేకుండ చెప్పెదము.

మా తల్లిగారికి ఎనుబది యేండ్లు దాటినవి. వారు కాపురమునకు వచ్చిన నాటి చెక్క పాలవెల్లి యొకటి మా యింటి అటకపై నుండెడిది. కొన్నేండ్లనుండి దానిని దింపుట మానితిమి. అంగడి సరుకులోనే యొక ప్లాస్టిక్ గుత్తిని తెచ్చి దేవుని పైన వ్రేలాడదీసి, పని అయినదనిపించుకొనుచుంటిమి. మూడేండ్ల క్రిందట ఇంటికి వెల్ల వేయించునపుడు ఆ పాలవెల్లి క్రిందికి వచ్చినది. పుచ్చు పట్టి ఒక మూల విరిగియున్నది. మా కుమార్తె, అప్పుడు ఆరవ తరగతి, దానిని అటునిటు త్రిప్పిచూచి, “నాయనా, ఇది పాత కిటికీనా?” అని అడిగినది. అడిగినదియు తమిళముననే.

మేము నవ్వితిమి. మా తల్లిగారు నవ్వలేదు. “దాని పేరు బిడ్డకెట్లా తెలుస్తుంది? మీరు కొని తెస్తిరి. కొన్నదానికి వెల వుంటే చాలును, పేరెందుకు?” అనిరి. ముప్పది యేండ్లుగా వెలలు చెప్పుచు బ్రతికిన మాకు ఆ మాటకు బదులు దొరకలేదు.

అయ్యలారా, ఆలోచింపుడు. మదుర నేలిన తిరుమల నాయకుని కాలము 1623 మొదలు 1659 వరకు. అంతకు పూర్వమే వచ్చిన కుటుంబములు మనలో గలవు. ఇన్ని తరములు మన యింట తెలుగు నిలిచినది. పిల్లకు ప్రాథమిక విద్య మాతృభాషలో నేర్పుటకు వసతి కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఎ అధికరణము చెప్పుచున్నది. ఈ రాష్ట్రమున 2006వ సంవత్సరపు చట్టముచే తమిళము మొదటి తరగతినుండి క్రమముగా నిర్బంధ పాఠ్యాంశమైనది. ఈ నేలపై నున్నవారు ఈ నేల భాషను నేర్వవలసినదే; అందు మాకు ఆక్షేపణ లేదు. తమిళము మనకు అన్నము పెట్టిన భాష. బడిలో తెలుగుకు దక్కవలసిన చోటునకై మన సంఘము చేయు విన్నపములును సాగవలసినదే. కాని పాలవెల్లి యను మాటను ఏ బడియు నేర్పదు. దానిని నేర్పవలసినది మన నడవ, మన పెరడు.

ఆ సంవత్సరమే ఇంటిలో క్రొత్త పాలవెల్లిని కట్ట నిశ్చయించితిమి. కట్టు విధము చాల సులభము. మూరెడు పొడవు గల వెదురు బద్దలు పది కావలెను. ఐదు నిలువుగను, ఐదు అడ్డముగను సమాన దూరమున పరచినచో పదునారు గళ్లు వచ్చును. బద్దల అంచులను ముందుగా గరుకు కాగితముతో రుద్దవలెను. లేనిచో పేళ్లు చేతిలో దిగును. కలిసిన ప్రతి చోటను నూలు పురికొసతో ఏటవాలుగా రెండు చుట్లు చుట్టి ముడి వేయవలెను. తడిపిన పసుపు పూసి, ఆరిన పిదప కుంకుమ బొట్లు పెట్టవలెను. నాలుగు మూలలనుండి నాలుగు త్రాళ్లు పైకి తీసి ఒక్కచోట కలిపి, దేవుని తలకు మూరెడెత్తున దూలపు కొక్కెమునకు కట్టవలెను. త్రాళ్లు నాలుగును సమానముగా నుండునట్లు చూచుకొనుడు. మా మొదటి పాలవెల్లిలో ఒక త్రాడు పొట్టిదై పోగా పండ్లన్నియు ఒక ప్రక్కకు జరిగి, పూజ నడుమ ఒక వెలగపండు పీటపై పడినది. దేవుడు క్షమించెను, పిల్లలు మాత్రము ఆ దినమంతయు నవ్విరి.

పాలవెల్లి యనగా పాలసముద్రము. ఆ పేరుగల చట్రమునకు కాయలు, పండ్లు, పూవులు కట్టి దేవుని నెత్తిపై పందిరిగా నిలుపుట మన పెద్దల యాచారము. మొక్కజొన్న పొత్తులు, జామకాయలు, దానిమ్మ, సీతాఫలము, కలువమొగ్గలు, మామిడి రెమ్మలు, దొరికినవి దొరికినట్లు కట్టవచ్చును. వెలగపండునకు మాత్రము పట్టు దొరకదు. పెంకు గట్టిగా నుండును. దానికి మా తల్లిగారు పురికొసతో చిన్న ఉట్టి అల్లి చూపిరి. మా కుమార్తె ఆ యొక్క సాయంకాలముననే నాలుగు ఉట్లు అల్లినది. “ఉట్టి” అను మాట ఆ పిల్ల చేతికి ముందు వచ్చి, నోటికి తరువాత వచ్చినది. బద్ద, పేడు, ముడి, ఉచ్చు, కొక్కెము, ఈ మాటలన్నియు అట్లే వచ్చినవి. ఎవరును పాఠము చెప్పలేదు. “ఆ బద్ద ఇట్లందీయవే, ఈ ముడి బిగించవే” అని అవ్వ అడుగుచుండగా మనుమరాలు అందించుచుండెను, అంతే.

ఇక మట్టి వినాయకుడు. మన ఊరికి చేరువనున్న విళాచేరి కుమ్మరులు మట్టి బొమ్మలకు పేరొందినవారు. వారియొద్ద బంకమన్ను అడిగి తెచ్చుకొనవచ్చును. ఎండిన గడ్డలను చితుకగొట్టి, జల్లించి, రాత్రి నానబెట్టి, ఉదయమున పూరీ పిండివలె పిసుకవలెను. పగుళ్లు రాకుండుటకు గుప్పెడు సన్నని ఇసుక కలుపుట మేలు. ముందు పీట, దానిపై బొజ్జకు పెద్ద ముద్ద, తలకు చిన్న ముద్ద, చేతులకును తొండమునకును చుట్టిన వత్తులు, చెవులకు అప్పడములవలె ఒత్తిన బిళ్లలు. అతుకుచోట్లను పుల్లతో గీరి, బురదనీరు రాచి అంటించినచో ఊడవు. ఎండలో పెట్టరాదు, నీడలో రెండు మూడు దినములు ఆరవలెను. పగులు కనబడిన తడి వ్రేలితో సరిచేయవలెను. మా వినాయకునికి మొదటి సంవత్సరమున ఒక చెవి పెద్దది, ఒకటి చిన్నది. అయినను పిల్లలు ఆ బొమ్మనే చూచుకొని మురిసిరి.

కన్నులకు గురివింద గింజలు పెట్టుట వాడుక. ఒక హెచ్చరిక చేయవలసియున్నది. గురివింద గింజ నమిలి మ్రింగినచో ప్రాణాపాయము. పసిపిల్లలున్న యిండ్లలో దాని మారుగా మిరియపు గింజలు పెట్టుకొనుడు. అట్లే పత్రిలో నుండు ఉమ్మెత్త, గన్నేరు విషములు. జిల్లేడు పాలు కంటబడిన చూపునకు హాని. ఈ మూడింటిని పెద్దలే కోసి, చేతులు కడుగుకొనవలెను.

ఇంటిలో చేసిన మట్టి బొమ్మను ఇంటనే తొట్టిలో నిమజ్జనము చేయవచ్చును. కరగిన మన్నును పూలకుండీలో పోసినచో తులసి పెరుగును. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మ అట్లు కరగదు. దాని రంగులు చెరువులను పాడుచేయును. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2010లో వెలువరించిన సూచనలను 2020లో సవరించుచు అట్టి బొమ్మలను వలదన్నది. మా అంగడిలో ఆ సరుకును ఆ సంవత్సరమునుండి దింపలేదు. నష్టమేమియు రాలేదు.

పత్రి సంగతి మాకు మిక్కిలి ప్రియమైనది. పూజకు ఇరువదియొక్క పత్రములు కావలెను గదా. మాచి, వాకుడు, మారేడు, గరిక, ఉమ్మెత్త, రేగు, ఉత్తరేణి, తులసి, మామిడి, గన్నేరు, విష్ణుక్రాంతము, దానిమ్మ, దేవదారు, మరువము, వావిలి, జాజి, గండకి, జమ్మి, రావి, మద్ది, జిల్లేడు. వీనిలో దొరకనివి దొరకవు. దొరికినవాటితో పూజ చేయుదుము. మా పిల్లలతో ఒక తెల్లవారుజామున వైగై యొడ్డునకు, తోటలకు పోయితిమి. అచట ఒక విశేషము కనుగొంటిమి. మా కుమార్తెకు ఆ యాకులలో పెక్కింటి పేర్లు ముందే తెలిసియున్నవి, తమిళములో. నొచ్చి యన్నది వావిలియే. నాయురువి యన్నది ఉత్తరేణియే. ఎరుక్కు మన జిల్లేడే. ప్రక్కింటివారు పిళ్లైయారునకు దాని పూమాలయే వేయుదురు. వారి అరుగంపుల్ మన గరికయే. ఒకే యాకునకు రెండు పేర్లు కలవని తెలిసినపుడు ఆ పిల్ల సంతసించినది. తమిళ పదము తెలిసినందున తెలుగు పదము త్వరగా అతుకుకొన్నది.

ఆ రాత్రి దీపము క్రింద కూర్చుండి అట్టముక్కలు కత్తిరించి, ఒక్కొక్క యాకు కట్టకు ఒక్కొక్క పేరుచీటి తెలుగున వ్రాయించితిమి. అక్షరములు మా తల్లిగారు బియ్యపు పళ్లెములో వ్రాసి చూపిరి. మా కుమార్తె “ఉత్తరేణి”లో తకు వత్తు మరచినది; “జిల్లేడు” వంకరపోయినది. ఆ చీటీలను మేము పారవేయలేదు. మా చిట్టా పుస్తకములో నేటికిని గలవు. మా యింట నా తరువాతి తరమున తెలుగు వ్రాత అవియే మొదలు.

అన్నియు చక్కబడినవని చెప్పిన అబద్ధమగును. మా పెద్ద కుమారుడు ట్యూషను పేర ఆ రెండు సాయంకాలములును ఇంటికి రాలేదు. వచ్చినను చేతిలోని ఫోనును దింపలేదు. మరుసటి యేడు మాత్రము పాలవెల్లి త్రాళ్లు వంకర పోరాదని కొలబద్ద తీసికొని తానే కొలిచినాడు. అంతవరకే. మేము అంతకన్న అడుగలేదు.

మా తల్లిగారికి ఇప్పుడు కన్నులలో పొర వచ్చినది. ప్రతి యేడును వ్రతకథను వారే చదివెడివారు. నిరుడు నడుమ నాగిపోయిరి, అక్షరములు అల్లుకొనిపోవుచున్నవనిరి. పుస్తకమును మేము అందుకొంటిమి. కాని మా తరువాత ఎవరు అందుకొందురు? తెలుగు చదువనేర్చినవారు లేని యింట ఆ పుస్తకము పసుపు పూసిన కాగితముల కట్టగా మిగులును. మా భయమంతయు ఇదియే. ఇది మా యింటి భయము మాత్రమే కాదని ఈ సభలోని ముఖములు చెప్పుచున్నవి.

చవితి యొక్కటియే కాదు. దసరాకు బొమ్మల కొలువునకై అట్టతోను, గుడ్డపీలికలతోను ఇంట చేసిన రెండు బొమ్మలు కొన్న బొమ్మల నడుమ నిలుపుడు. భోగికి పిడకలదండ పిల్లలచేత గ్రుచ్చించుడు. ఏది చేసినను ఒక నియమము పాటింపుడు: చేయునంతసేపు ఇంటిలో తెలుగుననే మాటలాడవలెను. తప్పు పలికిన నవ్వరాదు.

కడపట ఒక కార్యము. చవితికి ముందటి ఆదివారమున ఉదయము తొమ్మిది గంటలకు సంఘ భవనమున పాలవెల్లి కట్టుట, మట్టి వినాయకుని చేయుట అందరము కలిసి జరుపుదము. వెదురు బద్దలు, పురికొస, మన్ను మా ఖర్చు. మీరు తేవలసినవి రెండు: మీ పిల్లలు, మీ యింటి పెద్దలు. పెద్దలు నడువలేనివారైనచో మా బండి పంపెదము. వారు కూర్చుండి “అట్లు కాదు, ఇట్లు” అనిన చాలును. నేర్పు వారియొద్ద గలదు.

ఈ చవితికి మా యింట వ్రతకథలోని మొదటి పుటను మా కుమార్తె చదువవలెనని నిశ్చయమైనది. ప్రతి సాయంకాలము అవ్వ ప్రక్కన కూర్చుండి కూడబలుకుకొనుచున్నది. తప్పులు చాల గలవు. అవ్వ దిద్దుచున్నారు.