మబ్బుల మీది హోటలు – మన పళ్లెం

(మోమిన్‌పేటలో యువజనుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ నడుమ మా బడి పిల్లలు ఫోన్లల్ల ఒక వీడియో చూపెడుతున్నరు. దుబాయిల బుర్జ్ ఖలీఫా అనే బిల్డింగు, ఎత్తు 828 మీటర్లు. అండ్ల 122వ అంతస్తుల ఒక హోటలు. 2011లో తెరిచిండ్రు. తెల్లగుడ్డ పరిచిన బల్ల, మనిషికి నాలుగైదు చెంచాలు, ఇంత పెద్ద పళ్లెం నడుమ గోరంత కూర! ఒక్కసారన్న అక్కడ కూసొని తినాలె సార్ అంటున్నరు పిల్లలు. తినాలె, తప్పేముంది? చండాలుడు పగిలిన పాత్రల్లో తినాలని రాసిన మనుస్మృతిని బాబాసాహెబ్ 1927 డిసెంబర్ 25న మహద్‌లో తగలబెట్టించిండు. అప్పటి నుంచి మంచి పళ్లెం మీద మనకూ హక్కున్నది.

అయితే ఆ హోటల్ దాకా పోయే ముందు మన ఊరి హోటల్ సంగతి చూద్దాం. ఊర్లల్ల హోటల్ అంటే చాయ్ హోటలే. మా నాయనల కాలంల అక్కడ మన గ్లాసు వేరే. చూరుల చెక్కి ఉంటుండె. తాగినోడే కడిగి పెట్టాలె. పైసలు మాత్రం అందరివీ ఒక్క గల్లాలోనే పడేవి, వాటికి మైల లేదు! రాజ్యాంగం 15వ అధికరణం హోటళ్లను పేరుపెట్టి చెప్పింది: కులం పేరుతో ఎవర్నీ ఆపొద్దని. 1955లో వచ్చిన చట్టం, 1976 నుంచి పౌరహక్కుల రక్షణ చట్టం అంటున్నం, ఇంకా వివరంగా చెప్పింది. హోటల్లోకి రానియ్యకున్నా, అందరికీ పెట్టే గిన్నెలు మనకు పెట్టకున్నా నేరమే. నెలకు తక్కువ కాకుండా ఆరు నెలల దాకా జైలు. పేపర్ కప్పులొచ్చినంక రెండు గ్లాసులు పోయినయని కొందరు సంబరపడుతున్నరు. అందరికీ గాజు గ్లాసు ఇచ్చి మనకొక్కరికే పేపర్ కప్పు ఇస్తే అది రెండు గ్లాసుల పద్ధతి కాదా?

ఇగ దుబాయి సంగతి. ఆ బిల్డింగు పని 2004లో మొదలైంది. కట్టింది ఎక్కువగా మన దేశం, పాకిస్తాన్, బంగ్లాదేశ్ తదితర దేశాల కూలీలు. కరీంనగర్, నిజామాబాద్ దిక్కు నుంచి ఎంతమంది దుబాయి పోయి సిమెంటు మోసిండ్రో అక్కడి ప్రతి ఊరికీ తెలుసు. 2006 మార్చిలో ఆ బిల్డింగు దగ్గరే రెండున్నర వేల మంది కూలీలు జీతాల కోసం, మర్యాద కోసం తిరగబడ్డరు. అక్కడ కార్మికులకు సంఘం పెట్టుకునే హక్కు లేదు, అయినా తిరగబడ్డరు. ఆ హోటల్ల కిటికీ కాడ కూసున్నోళ్లకు సముద్రం కనబడ్తది, ఈ సంగతి కనబడదు.

న్యూయార్క్‌లో కూడా ఇట్లాంటి హోటలే ఉండె, జంట టవర్ల మీద, 106, 107 అంతస్తులల్ల. 2001 సెప్టెంబర్ 11న పొద్దుగాల డ్యూటీ మీదున్న 73 మంది కార్మికులు చనిపోయిండ్రు. చాలమంది పొట్ట చేతబట్టుకొని వేరే దేశాల నుంచి పోయినోళ్లే. ఆ పూట డ్యూటీ లేనోళ్లు బతికిండ్రు గాని నౌకరి పోయింది. 2002లో అదే యజమాని ఇంకో హోటల్ తెరిచి, పాతోళ్లల్ల చాలామందిని పక్కకు బెట్టిండు. వాళ్లు సంఘం కట్టి, హోటల్ తెరిచిన రోజే దాని ముందర నిలబడ్డరు. ఆయన దిగొచ్చి పనిలోకి తీసుకున్నడు. 2006లో వాళ్లే మాలికులుగా సొంతంగా ఒక హోటల్ కూడా పెట్టుకున్నరు. అది తర్వాత మూతబడ్డది గాని సంఘం ఉన్నది.

మన పిల్లలు కూడా పట్నంలో కోకాపేట, గచ్చిబౌలి దిక్కు పెద్ద హోటళ్లల్ల పనికి పోతున్నరు. పోయినోళ్లు ముందుగాల నియామక కాగితం అడగండి. పీఎఫ్ నంబరు, ఈఎస్ఐ కార్డు అడగండి. గల్ఫ్ పోతే పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇయ్యకండి.

ఊర్ల ఉన్నోళ్లకు వేరే పని ఉన్నది. నెలనెలా 30న ఊర్లల్ల పౌరహక్కుల దినం జరపాలె, తహశీల్దారు, పోలీసులు రావాలె. ఈ నెల మీ ఊరికి వచ్చిండ్రా లేదా చూడండి. ఏ హోటల్ల ఎవరికి ఏ గ్లాసు ఇస్తున్నరో రాసుకొని తెండి. దరఖాస్తు మేము రాస్తం, సంతకాలు మీరు చెయ్యాలె.