క్విజ్ ప్రశ్న రాయడం కూడా ఒక పనే

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

కరువు భృతి బకాయిల గురించీ, ఆరోగ్య కార్డుల గురించీ మాట్లాడవలసినవారు నా తర్వాత ఉన్నారు. మీరు వారి కోసమే కూర్చున్నారని నాకు తెలుసు కాబట్టి వారి సమయం తినేయకుండా ముగిస్తాను.

హైస్కూలు పిల్లల సైన్సు, లెక్కల క్విజ్ పోటీలకు అభ్యాస ప్రశ్నలు తయారుచేసి ఇచ్చే పని మన సంఘం నెత్తిన వేసుకోవాలని కార్యవర్గం అనుకున్నది. ఫిబ్రవరి 28 జాతీయ సైన్సు దినోత్సవం. 1928లో ఆ తేదీన సర్ సి.వి. రామన్ తన పేరుతో ప్రసిద్ధమైన ఫలితాన్ని కనుగొన్నారు. 1987 నుంచి దినోత్సవం జరుపుతున్నారు. డిసెంబరు 22 రామానుజన్ జయంతి, జాతీయ గణిత దినోత్సవం. ఈ రెండు తేదీలూ దగ్గరపడేసరికి చాలా హైస్కూళ్ళలో క్విజ్ పెడతారు. ప్రశ్నలెక్కడివంటే, బస్టాండు దుకాణంలో దొరికే జనరల్ నాలెడ్జి పుస్తకంలోవి. ఎవరు, ఎప్పుడు, ఎంత? బట్టీ పట్టినవాడికి కప్పు, ఆలోచించేవాడికి చప్పట్లు. కొనగలిగినవారు వెయ్యి పేజీల గైడు కొంటారు. జిల్లా పరిషత్ బడి పిల్లకు ఆ గైడు ఎవరు కొనిపెడతారు? మనం రాయబోయేది ఆ పిల్ల కోసం.

అటక మీది పాత పుస్తకాలు దించి రాద్దామనుకునే మిత్రులకు ముందుగా ఒక మనవి. గ్రహాలు 9 అని మనం చదువుకున్నాం. 2006 ఆగస్టులో ప్రాగ్ నగరంలో అంతర్జాతీయ ఖగోళ సంఘం ప్లూటోను మరుగుజ్జు గ్రహాల జాబితాలోకి దించింది, ఇప్పుడు 8. ప్లూటోను మనలాగే రిటైరు చేశారు, ఖాళీ మాత్రం భర్తీ చెయ్యలేదు. కిలోగ్రాము అంటే పారిస్ దగ్గర దాచిన ప్లాటినం ఇరీడియం దిమ్మె అని రాసేవాళ్ళం. 2019 మే 20 నుంచి ఆ దిమ్మెకు ఆ హోదా లేదు. ప్లాంక్ స్థిరాంకం ఆధారంగా కిలోగ్రామును నిర్వచిస్తున్నారు. ఏ గ్రహానికి ఉపగ్రహాలు ఎక్కువ అని అడగవచ్చు గాని ఎన్ని అని అడగకండి. 2025 మార్చిలో శనికి ఒక్కసారిగా 128 కొత్త ఉపగ్రహాలను గుర్తించి మొత్తం 274 అన్నారు. మన ప్రశ్న అచ్చయ్యేలోగా ఆ లెక్క ఎటు పోతుందో!

అయితే పాతబడిన జవాబుకన్నా ప్రమాదం మరొకటి ఉంది. కొన్నేళ్ళ క్రితం ఒక పోటీకి ప్రేక్షకుడిగా వెళ్ళాను. ఊరి పేరు, బడి పేరు మనకు అక్కర్లేదు. తడి గాలి బరువా, పొడి గాలి బరువా అని ప్రశ్న. తొమ్మిదో తరగతి అమ్మాయి లేచి పొడి గాలే బరువండీ అన్నది. క్విజ్ మాస్టరు గారు చేతిలోని కార్డు చూసి, తప్పు, కూర్చో అన్నారు. నీళ్ళు చేరితే ఏదైనా బరువెక్కుతుందని కార్డు రాసినవారి ఊహ. గాలిలో ఎక్కువ భాగం నత్రజని, దాని అణుభారం 28. ఆక్సిజన్‌ది 32. నీటి ఆవిరిది 18 మాత్రమే. ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం వద్ద ఒకే ఘనపరిమాణంలో అణువుల సంఖ్య సమానమని అవగాడ్రో చెప్పాడు గదా. అంటే ఆవిరి అణువులు చేరినమేరకు అంతకన్నా బరువైన అణువులు తప్పుకోవాలి. అమ్మాయిదే సరైన జవాబు. ఆమె వాదించలేదు. ఆ తర్వాత ఏ ప్రశ్నకూ బజరు నొక్కలేదు. సభ అయ్యాక నిర్వాహకులతో చెప్పాను. ఫలితాలు ప్రకటించేశాం గదండీ అన్నారు. పది మార్కులు పోతే పోయాయి. కాని తాను ఆలోచించి చెప్పింది తప్పు, కార్డులో ఉన్నది ఒప్పు అన్న సంగతి ఆ పిల్ల ఇంటికి తీసుకుపోయింది. నన్ను ఈ వేదిక ఎక్కించింది ఆ కార్డే.

ఒక్క మాట జారినా ప్రశ్న చెడుతుంది. రామానుజన్ పేరు చెప్పగానే అందరూ 1729 అడుగుతారు. రెండు ఘనాల మొత్తంగా రెండు విధాలుగా రాయగల అతి చిన్న సంఖ్య ఏది అని. 12 ఘనం 1728, దానికి 1 కలిపితే 1729. 10 ఘనం 1000, 9 ఘనం 729, కలిపితే మళ్ళీ 1729. బాగుంది. కాని ఒక గడుసు పిల్లవాడు లేచి 91 అంటాడు. 3 ఘనం 27, 4 ఘనం 64, మొత్తం 91. 6 ఘనం 216, మైనస్ 5 ఘనం మైనస్ 125, మొత్తం 91. అడిగిన మాట ప్రకారం ఆ పిల్లవాడిని తప్పు అనడానికి వీల్లేదు. ప్రశ్నలో ధన పూర్ణసంఖ్యల ఘనాలు అన్న మాట ఉండి తీరాలి. రిజిస్ట్రేషను ఆఫీసులో పనిచేసినవారు ఇక్కడ ఉన్నారు. దస్తావేజులో ఒక మాట తగ్గితే ఏమవుతుందో వారికి నేను చెప్పనక్కర్లేదు.

అలాగే హీలియం ఎక్కడ కనుగొన్నారు అని అడిగి గుంటూరు అని జవాబు రాసిన కాగితాలు చూశాను. మన జిల్లా మీద అభిమానం మంచిదే. జరిగినదేమంటే, 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు నుంచి వర్ణపటమాపకంతో పరిశీలించాడు. సూర్యుని అంచున లేచే జ్వాలల కాంతిలో మెరిసే గీతలు చూశాడు. అదే సంవత్సరం ఇంగ్లండులో లాకియర్ అక్కడి పసుపు గీత సోడియానిది కాదని గమనించి, అది కొత్త మూలకమని భావించాడు. గ్రీకు భాషలో సూర్యుడికున్న పేరు మీదుగా హీలియం అన్నారు. భూమి మీద ఆ వాయువును రామ్సే 1895లో ఒక యురేనియం ఖనిజం నుంచి రాబట్టాడు. ఇందులో ఒక్కటి కాదు, నాలుగు మంచి ప్రశ్నలున్నాయి. ఎక్కడ అన్న ఒక్క ముక్కకు కుదించితే నాలుగూ పోతాయి.

ఇక నాకు బాగా ఇష్టమైన ప్రశ్న చెబుతాను. ఎండాకాలం అనంతపురంలో మట్టికుండ నీళ్ళు ఎంత చల్లగా ఉంటాయో, అదే కుండ బందరులో పెడితే అంత చల్లబడవు. ఎందుకు? కుండ గోడకున్న సన్నని రంధ్రాల గుండా నీరు బయటికి ఊరి ఆవిరవుతుంది. ఆవిరయ్యే నీరు తనకు కావలసిన వేడిని కుండలోని నీటినుంచి తీసుకుంటుంది. ఒక గ్రాముకు సుమారు 580 కాలరీలు. పది లీటర్ల నీరు పది డిగ్రీలు చల్లబడాలంటే లక్ష కాలరీలు పోవాలి. 580 చేత భాగిస్తే సుమారు 172 గ్రాములు. గ్లాసుడు నీళ్ళకన్నా తక్కువ! బయటి వేడి లోపలికి చేరుతూనే ఉంటుంది కాబట్టి నిజానికి ఇంకొంచెం ఎక్కువే ఆవిరి కావాలి. బందరు గాలిలో సముద్రపు తేమ ముందే నిండి ఉంటుంది, కొత్త ఆవిరికి చోటు తక్కువ. దీని వెంట పిల్ల ప్రశ్నలు పుట్టుకొస్తాయి. స్టీలు బిందెలో నీళ్ళు ఎందుకు చల్లబడవు? పాతకుండ కొత్తకుండంత చల్లగా ఎందుకు ఉంచదు? ఫ్యాను వేస్తే గది చల్లబడుతుందా, మనమే చల్లబడతామా? గైడు లేని పిల్లకు కుండ తెలుసు. ఈ ప్రశ్న దగ్గర ఆమెకూ, కాన్వెంటు పిల్లకూ తేడా ఉండదు.

లెక్కల్లో కూడా ఇలాంటివి ఉన్నాయి. మహారాష్ట్రలో దేవలాలి అనే ఊళ్ళో బడిపంతులుగా పనిచేసిన కాప్రేకర్ గారు 1949లో ఒక చిత్రం కనిపెట్టారు. మీ పెన్షను ఆర్డరు నంబరులో చివరి నాలుగు అంకెలు తీసుకోండి. నాలుగూ ఒకటే అంకె కాకూడదు. పెద్దదినుంచి చిన్నదికి పేర్చండి, తిరగేసి పేర్చండి, పెద్ద దానినుంచి చిన్నది తీసివెయ్యండి. వచ్చినదానితో మళ్ళీ అంతే. 1991 తీసుకుంటే 9911లో 1199 పోతే 8712. తర్వాత వరుసగా 7443, 3996, 6264, 4176, చివరికి 6174. ఇక అక్కడినుంచి కదలదు. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా ఏడు మెట్లలోపే 6174 చేరుతుంది. మధ్యలో మూడంకెలే మిగిలితే ముందు సున్నా చేర్చుకోవాలి. ఇంటికెళ్ళి మనుమలతో చేసి చూడండి. ఎందుకలా అవుతుందని వాళ్ళు అడిగితే మీ పని మొదలైనట్లే.

పుట్టినరోజుల ప్రశ్న ఒకటి ఉంది. 23 మంది ఉన్న గదిలో ఇద్దరి పుట్టినరోజు ఒకే తేదీ అయ్యే అవకాశం సగానికి కాస్త ఎక్కువ. పిల్లలు నమ్మరు. 23 మందిలో ఇద్దరిద్దరి జతలు 253 అని లెక్కకట్టి చూపితే ఆలోచనలో పడతారు. అయితే ఈ ప్రశ్న మన సభలో వేస్తే చెల్లదు. బడిలో చేర్చుకున్న పంతులుగారు మనలో సగంమందికి జూలై 1 అని రాసేశారు కాబట్టి ఇక్కడ నలుగురైదుగురు చాలు! జూన్ 30న రిటైరయి, జూలై 1 ఇంక్రిమెంటు కోసం 2023 సుప్రీంకోర్టు తీర్పుదాకా కళ్ళు కాయలు కాచేలా చూసినవారికి నవ్వు రాకపోవచ్చు. అసలు పెద్ద తరగతి పిల్లలను అడగవలసింది ఇదే: ఆ లెక్కలోని ఏ ఊహ ఈ పెన్షనర్లకు వర్తించదు? అన్ని తేదీలకూ సమాన అవకాశం ఉంటుందన్న ఊహ.

మీరు చేసిన ఉద్యోగంలోనే ప్రశ్నలున్నాయి. ఆర్టీసీ మిత్రులారా, వెళ్ళేటప్పుడు గంటకు 60 కిలోమీటర్లు, అదే దారిన వచ్చేటప్పుడు 40 అయితే సగటు వేగమెంత? 50 అనే వారే ఎక్కువ; 48. విద్యుత్తు శాఖవారు 75 వాట్ల ఫ్యాను రోజుకు పది గంటలు తిరిగితే నెలకు ఎన్ని యూనిట్లో అడగండి. 22.5. సర్వేయరు గారు వంద గజాల చదరపు స్థలం, 150 గజాల పొడవు 50 గజాల వెడల్పు స్థలం తీసుకోవచ్చు. కంచె ఒకటే, స్థలం మాత్రం నాలుగో వంతు తక్కువ. అకౌంట్సువారికి చెప్పేదేముంది, 20 శాతం పెంచి 20 శాతం తగ్గిస్తే ఉన్నచోటికి రాము, నాలుగు శాతం నష్టం. పప్పు ఉడకకముందే చింతపండు పులుసు పోస్తే ఎంతసేపు పొయ్యిమీద ఉంచినా పలుకుగానే ఎందుకుంటుందన్న ప్రశ్న మా ఇంటావిడ ఇచ్చినది. పులుపు గింజలోని పెక్టిన్‌ను కరగనివ్వదు. మహిళా సభ్యుల నుంచి ఇలాంటివి చాలా రావాలి.

మనలో చాలామంది మనుమలు అమెరికాలో చదువుతున్నారు. అక్కడ ఇంధన శాఖ 1991 నుంచి నేషనల్ సైన్స్ బౌల్ అనే పోటీ నడుపుతున్నది. ముందుగా బజరు ప్రశ్న. ఎవరితోనూ మాట్లాడకూడదు, చదవడం అయ్యాక అయిదు సెకన్లు, నాలుగు పాయింట్లు. సరిగా చెప్పిన జట్టుకు అనుబంధ ప్రశ్న. జట్టంతా కలిసి ఇరవై సెకన్లు ఆలోచించవచ్చు, పది పాయింట్లు. ఒంటరి తొందరకు నాలుగు, నలుగురి ఆలోచనకు పది! ఈ లెక్క నాకు నచ్చింది. అక్కడ ఐచ్ఛికాలకు ఎ, బి, సి, డి అనరు. డబ్ల్యూ, ఎక్స్, వై, జడ్ అంటారు. బి, సి, డి హాలులో ఒకేలా వినపడతాయి గదా, మనమూ ఆ పద్ధతి పెట్టుకుంటే గొడవలు తగ్గుతాయని నా అభిప్రాయం. వినే ప్రశ్న వేరు, చదివే ప్రశ్న వేరు. రాసినది ఒకసారి పైకి చదవండి. ఊపిరి చాలకపోతే రెండు వాక్యాలు చెయ్యండి.

మరొకటి. తెలుగు మీడియం పిల్ల కిరణజన్య సంయోగక్రియ అంటుంది, పక్క పిల్ల ఫోటోసింథసిస్ అంటుంది. రెండూ జవాబు కార్డు మీద ఉండాలి. ఇంగ్లీషు మాట చెప్పలేదని మార్కు తీసేసే కార్డు మన దగ్గరనుంచి పోకూడదు.

పద్ధతి ఇలా అనుకున్నాం. ఒక కాగితానికి ఒకే ప్రశ్న. వెనుక జవాబు, అది వచ్చిన దారి, ఒప్పుకోదగిన ఇతర జవాబులు. మరో సభ్యుడు వెనుకవైపు చూడకుండా చేస్తాడు. ఇద్దరి జవాబు కలిస్తేనే పెట్టెలో వేస్తాం. కలవకపోతే ఇద్దరూ కూర్చుని టీ తాగుతూ తేల్చుకోవాలి. ఆదివారం ఉదయం సంఘ కార్యాలయం ఎలాగూ తెరిచే ఉంటుంది.

ఈ లోపల మీ మనుమలకూ మనుమరాళ్ళకూ ఒకటి. గ్లాసులో అంచుదాకా నీళ్ళున్నాయి. పైన మంచుగడ్డ తేలుతున్నది, దాని నడుమ ఒక రూపాయి బిళ్ళ ఇరుక్కుని ఉన్నది. మంచంతా కరిగాక నీళ్ళు పొర్లుతాయా, మట్టం తగ్గుతుందా, ఉన్నచోటే ఉంటుందా? జవాబు రాసి అంటించిన కవరు కార్యదర్శి గారికి ఇచ్చాను. వచ్చే నెల సమావేశంలో విప్పుతారు.