క్రొత్తగా నేర్చువానికి ఏ కెమేరా?
(సంఘ యువజన శాఖ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేను చిక్కపేటలో పట్టుచీరలు అమ్ముకొనువాడను. మెట్రిక్యులేషనుతో చదువు చాలించితిని. యంత్రశాస్త్రమున నాకు పాండిత్యము లేదు. అయినను గత మాసమున కార్యవర్గమువారు నాకొక పని అప్పగించినారు. మనలో ఒక కుర్రవాడు పెండ్లిండ్లకు ఫొటోలు తీసి జీవింపదలచినాడు. కెమేరా కొనుటకై అతని తల్లి చేతిగాజులు కుదువ పెట్టుటకు సిద్ధపడినది. ఈ కొనుగోలు తగునా కాదా చూచి చెప్పుమని నన్ను కోరినారు. కుర్రవాడు మనసు పడినది కానన్ కంపెనీవారి ఇ.ఓ.ఎస్. 1500 డి. అది 2018లో విపణికి వచ్చినది. ఒక మిత్రుని వద్ద దానినే ఎరవు తెచ్చి నాలుగు వారములు వాడితిని. చూచినది చూచినట్లు మనవి చేసెదను.

దీనిని డి.ఎస్.ఎల్.ఆర్. అందురు. లెన్సు వెనుక ఒక చిన్న అద్దము ఏటవాలుగా నుండును. లెన్సునుండి వచ్చిన వెలుగును ఆ అద్దము పైకి మరలించి మన కంటికి చేర్చును. మీట నొక్కగనే అద్దము లేచి తొలగును. వెలుగు వెనుకనున్న ఫలకముపై పడి చిత్రమగును. ఈ ఫలకము 22.3 మిల్లీమీటర్ల పొడవు, 14.9 మిల్లీమీటర్ల వెడల్పు గలది. సామాన్యపు ఫోనులోని ఫలకముకంటె అనేక రెట్లు పెద్దది. ఈ కెమేరా గొప్ప అంతయు ఇందే యున్నది.

అంగడివాడు మాత్రము మొదట చెప్పునది మెగాపిక్సెళ్ల లెక్క. ఇందు 24.1 ఉన్నవి. అంగుళమునకు 300 చుక్కల చొప్పున అచ్చు వేసినను ఇరువది అంగుళముల పొడవు పటము వచ్చును. అంతకు మించి నేర్చుకొనువానికి ఎందులకు? చీర వెల దారముల సంఖ్యను బట్టి మాత్రమే కట్టుదుమా?

మొదటి వారము తెల్లవారుజామున కె.ఆర్. మార్కెట్టు పూల దుకాణములకు పోయితిని. వెలుగు వచ్చినపిదప బంతిపూల రాసులు, లాల్‌బాగ్ గాజు మందిరము, రెండును చక్కగా పడినవి. తొమ్మిది ఫోకసు బిందువులలో నడిమిదియే నమ్మదగినది. దానితో మొగమును పట్టి, మీటను సగము నొక్కి యుంచి, తరువాత చిత్రమును సరిచేసికొనుట అలవాటు చేసికొనవలెను. కంటికి కనబడు భాగము చిత్రములో నూటికి 95 పాళ్లు మాత్రమే. అందుచేత మనము చూడని మోచేయి యొకటి అంచున వచ్చి కూర్చుండును. నాకు రెండుమార్లు అట్లయినది.

మూడవ వారము మా బంధువుల షష్టిపూర్తి. కల్యాణ మండపమున దీపములు చాలవు. కెమేరాతో వచ్చు 18–55 లెన్సును పొడిగించినప్పుడు దాని రంధ్రము ఎఫ్ 5.6కు మించి తెరచుకొనదు. తలంబ్రాలు పోయు చేతులన్నియు మసకబారినవి. అందులోనే యున్న ఫ్లాషు వెలిగించితిని. జరీ అంచు తెల్లగా మండినది, పట్టు నిగారింపు పోయినది. మరునాడు 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు తెచ్చి, అంతే వెలుగున్న ఇంటి హాలులో పరీక్షించితిని. ఎఫ్ 5.6తో పోల్చిన ఇది సుమారు పదిరెట్లు వెలుగును లోనికి రానిచ్చును. చేతులు నిలిచినవి, కన్నులలోని మెరుపు కూడ వచ్చినది. ఇది దగ్గరకు లాగదు, దూరమునకు నెట్టదు, మనమే నడవవలెను. ఆ నడకయే విద్య. కానన్ లెన్సులలో చౌకరకములందు ఇదియొకటి. కాబట్టి కెమేరాపై మిగిల్చి లెన్సుపై పెట్టుడు.

నా వ్యాపారమునకు సంబంధించిన మాట యొకటి చెప్పక పోలేను. పొరుగూరి ఖాతాదారులకు చీరల చిత్రములు పంపుచుందుము. మెరూను రంగు చీర ఫొటోలో ఎర్రగా కనబడి, చేరినపిదప తిరిగి వచ్చిన సందర్భములు నాకు చాలా గలవు. రానుపోను ఖర్చు మాది, మాట మాది. ఫోను తనకు తోచినట్లు రంగును సరిచేయును. ఈ కెమేరాలో వైట్ బ్యాలెన్సును మన దీపమునకు తగినట్లు మనమే నిర్ణయింపవచ్చును. రా అను రూపమున దాచినచో ఇంటికి వచ్చి దిద్దుకొనవచ్చును. తెల్లకాగితము నొకదానిని చీర ప్రక్కనుంచి రంగు సరిపెట్టితిని. ఆ నెలలో ఒక్క చీరయు తిరిగి రాలేదు. వాట్సాపులో చూచుకొను బిడ్డల చిత్రములకైతే ఫోను చాలును. రాత్రివేళ తనంత తానుగా అదియే మెరుగు కూడ.

ఇక లోపము. 2003లో కానన్ 300 డి వేయి డాలర్ల లోపున వచ్చి ఈ తరహా కెమేరాలను సామాన్యుల చేతికి తెచ్చినది. ఆ యుగము ముగియుచున్నది. 2020 తరువాత కానన్, నైకాన్ కంపెనీలు క్రొత్త డి.ఎస్.ఎల్.ఆర్. వెలువరింపలేదు, అద్దము లేని మిర్రర్‌లెస్ కెమేరాలవైపు మరలినవి. అనగా క్రొత్తది కొన్నవాడు అమ్మబోవునప్పుడు నష్టపడును. పాతది కొనువాడు లాభపడును. నేర్చుకొనువాడు ఈ రెండవ వాడు కావలెనని నా అభిప్రాయము.

పాతది కొనునపుడు షట్టరు ఎన్నిమార్లు కదలినదో అడుగుడు. తెల్లగోడను ఎఫ్ 16లో తీసి ఫలకముపై మచ్చలున్నవేమో చూడుడు. బిల్లులోని సంఖ్యయు కెమేరా అడుగునగల సంఖ్యయు సరిచూచుకొనుడు. పూర్వము నేనొక అంగడిలో బిల్లు లేకుండ చౌకగా కొని, ఆరు నెలలకే షట్టరు బిగిసిపోగా ఎవరిని అడుగుటకును నోరు లేక ఊరకుంటిని. వ్యాపారినై యుండియు మోసపోయితిని. సంచి, ఫిల్టరు, కాళ్ల స్టాండు అని వారు అంటగట్టినవి నేటికిని అటకమీద నున్నవి.

ఆ కుర్రవానితో మాటలాడితిని. "బాబాయిగారూ, సొంత కెమేరా లేనిదే ఎవరు పిలుతురు?" అన్నాడు. న్యాయమే. కాని పని రాకమునుపే వడ్డీ వచ్చును. తల్లి గాజులు ఆమె చేతినే యుండనిమ్మని చెప్పి, కార్యవర్గమువారి అనుమతితో సంఘమునకు వాడిన 1500 డి ఒకటి, 50 లెన్సుతో కొంటిమి. మూడు మాసములు అది అతనిది. ముగ్గురు మన కుటుంబములవారు తమ శుభకార్యములకు అతనిని పిలుచుటకు ఒప్పుకొన్నారు, రూకలు అతనికే. అటుపై నాతో కూర్చుండి లెక్క చూచుకొనును. ఆదాయము నిలిచినచో సొంత కెమేరాకు సంఘము వడ్డీలేని అప్పు ఇచ్చును.

తరువాత నేర్చుకొనగోరు ఇతర యువతీయువకులు కార్యదర్శిగారి వద్ద పేరు వ్రాయించుకొనవచ్చును. కెమేరా సంఘ కార్యాలయపు బీరువాలో నుండును. తీసికొనిపోవువారు బ్యాటరీ నిండుగా ఎక్కించి తిరిగి ఈయవలయునని మనవి.