గేటు తెరుచుకోకపోతే?
(ప్లాటినం జూబ్లీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రాణహిత గోదావరిలో కలిసే ఈ సిరొంచ సీమలో వరద కొత్త కాదు. 2019 జూన్ 21న ప్రారంభమైన మేడిగడ్డ బ్యారేజి మాత్రం కొత్తది. దాని ఒక కొన తెలంగాణలోని మహదేవపూర్ మండలంలో ఉండగా, మరొక కొన సిరొంచ తాలూకాలోని పోచంపల్లి వద్ద ఉన్నది. దానికి గేట్లు 85. అది వెలసిన నాటినుండి ఈ తీరవాసుల క్షేమం వానలతోనే గాక యంత్రాలతోను ముడిపడినది. ఆ యంత్రాలు మొరాయిస్తే ఏమి జరుగునో ముందుగానే లెక్కించే శాస్త్రం ఒకటి ఉన్నది. దానిని గూర్చి నాలుగు మాటలు.

ఆనకట్ట అనగానే రాయి, సిమెంటుల దృఢత్వమే జ్ఞప్తికి వస్తుంది. కాని కట్ట ఎంత గట్టిదైనా, వచ్చిన నీటిని వేళకు విడువలేకపోతే ప్రమాదమే. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరుపై గల అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయి పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఎగువన పింఛ ప్రాజెక్టు కట్ట తెగి వరద ఉప్పొంగిన వేళ, ఉన్న 5 గేట్లలో ఒకటి తెరుచుకోలేదు. 2022 జూలైలో నిర్మల్ జిల్లా కడెం ప్రాజెక్టులో 18 గేట్లకు 17 మాత్రమే లేచాయి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర 19వ గేటు గొలుసు తెగి గేటే కొట్టుకుపోయింది.

ఇక్కడ ఉన్నత పాఠశాల గణితమే చాలును. ఒక్కొక్క గేటు 100 పర్యాయాలకు 99 సార్లు తప్పక తెరుచుకొంటుందని అనుకొందాము. వినుటకు భరోసాగానే ఉన్నది. కాని 85 గేట్లూ ఒక్కసారిగా తెరుచుకొనే సంభావ్యత 0.99ను 85 సార్లు గుణించగా వచ్చును. అది సుమారు 0.43 మాత్రమే. అనగా సగానికి పైగా సందర్భాలలో కనీసం ఒక గేటైనా మొరాయిస్తుంది. 85లో ఒకటి ఆగితే నష్టం స్వల్పం. 5లో ఒకటి ఆగితే నీటిదారిలో ఐదవ వంతు మూసుకొన్నట్లే.

అంతకంటె ప్రమాదకరమైనది, ఒకే కారణం అన్నింటినీ ఒకేసారి ఆపివేయుట. విద్యుత్తు పోయి, జనరేటరు కూడ పనిచేయకపోతే గేట్ల సంఖ్య ఎంతైనా ఒక్కటే. 2022 జూలై వరదలో మేడిగడ్డ ఎగువన ఉన్న కన్నెపల్లి పంపుహౌసులో గోడ కూలి నీరు చొరగా, పంపులన్నీ ఒక్కమారుగా మునిగిపోవుట ఇందుకు తార్కాణం.

కనుక నిపుణులు కంప్యూటరులో వరదను వేలసార్లు సృష్టిస్తారు. ప్రతిసారి చీటీ తీసినట్లుగా, ఒకమారు మోటారును, ఒకమారు ఇనుపతాడును, ఒకమారు వార్తాప్రసారాన్ని విఫలం చేస్తారు. వానలో దారి తెగి ఉద్యోగి గేటువద్దకు చేరలేకపోవుటను కూడ లెక్కలో చేరుస్తారు. ప్రతి పర్యాయం నీటిమట్టం ఎంతవరకు పెరిగిందో చూచి, ఎన్నిసార్లు కట్ట దాటినదో లెక్కిస్తారు. ఏ భాగాన్ని ముందుగా బాగుచేయాలో, ఎక్కడ రెండవ జనరేటరు ఉంచాలో దీనివలన తేలుతుంది.

అయితే ఈ లెక్కకు ఒక హద్దు కలదు. లెక్కలో చేర్చని లోపాన్ని అది చూపలేదు. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ 7వ బ్లాకులో స్తంభాలు కుంగినది గేట్ల వలన కాదు. పునాది క్రింది ఇసుక కదలిపోవుట వలన అని జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ బృందం పేర్కొన్నది. ప్రణాళిక, రూపకల్పన, నాణ్యత, నిర్వహణ అన్నింటా లోపాలను ఎత్తిచూపినది. గేటును మాత్రమే పరీక్షించి పునాదిని మరచినచో, ఒక పాఠమే చదివి పరీక్షకు పోయినట్లగును.

మరొక సంగతి. కంప్యూటరు ఎంత గొప్పదైనా దానికి అందవలసినది నిజమైన వివరం. తాడు ఎప్పుడు మార్చారు, జనరేటరు చివరిసారి ఎన్నడు నడిపారు, నీరు తగ్గిన పిదప అడుగుభాగాన్ని ఎవరు పరిశీలించారు అన్నవి రిజిస్టరులో సత్యంగా ఉండవలెను. చూడకుండానే "సరిగా ఉన్నది" అని వ్రాసిన ఒక్క సంతకం వేల లెక్కలను వ్యర్థం చేస్తుంది.

2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టం ప్రమాద అంచనా అధ్యయనాలను, అత్యవసర కార్యాచరణ ప్రణాళికను ఆనకట్టల యజమానుల బాధ్యతగా నిర్ణయించినది. ఆ ప్రణాళిక కచేరీలలోని బీరువాలో ఉంటే చాలదు. నీరు విడిచే ముందు హెచ్చరిక ఎవరిద్వారా వస్తుంది, ఏ భాషలో వస్తుంది, రాత్రివేళ వస్తే ఏ మెరకకు పోవాలి అన్నవి నదీతీరంలోని ప్రతి ఇంటికి తెలియవలెను. సరిహద్దు గ్రామాలకు ఈ అవసరం ఇంకా అధికం. మీట ఒక రాష్ట్రంలో, పొలం మరొక రాష్ట్రంలో ఉన్నవి.

ఇల్లు కాలుతుండగా బావి త్రవ్వరాదని పెద్దలు చెప్పారు. పూర్వ విద్యార్థులలో ఇంజనీర్లు, ఉద్యోగులు, రైతులు ఉన్నారు. ఇంజనీర్లు లెక్కను నిజాయితీగా చేయాలి, ఉద్యోగులు రిజిస్టరును సత్యంగా వ్రాయాలి, రైతులు గ్రామసభలో "గేటు తెరుచుకోకపోతే ఏమి చేస్తారు?" అని అడగాలి. ఆ ప్రశ్నకు జవాబు వానాకాలానికి ముందే రావలెను.